ఒకరా, ఇద్దరా

పరిశోధన కేంద్రం మూడో అంతస్తు. కంప్యూటర్లు హోరుమనే చల్లని గది. మధ్యాహ్నం. తమ్ముడు కుర్చీలో ఉన్నాడు. అక్క కూర్చోలేదు.

"కూర్చోమంటే కూర్చోవేం అక్కా?"

"కూర్చోడానికి రాలేదు. ఐదు నాలుగు ఎలా అయింది? అది చెప్పు."

"ముందు నీళ్ళు తాగు. మెట్లెక్కి వచ్చావు."

"లిఫ్టు పాడైతే మెట్లే ఎక్కుతారు. పిచ్చుకని కింద వాచ్‌మన్ దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. మూడంతస్తులు పిల్లని మొయ్యలేక. బరువుండి కాదు. బరువేముంది దానికి? మెడ నిలబెట్టట్లేదురా, చేతుల్లోంచి జారిపోతోంది. ఇప్పుడు చెప్పు. ఐదు నాలుగు ఎలా అయింది?"

"డాక్టరమ్మ ఫోన్ చేసిందా?"

"పొద్దున్నే చేసింది. మిషన్ మీదున్నాను, గుండీలకి కాజాలు కుడుతున్నాను. ఏమీ అనుకోకమ్మా, ఆ జబ్బున్న పిల్లలు నలుగురే తేలారు, ఐదుగురుంటే తప్ప మందు మొదలుపెట్టనివ్వరు, అంది. ఏమీ అనుకోకూడదట! చేతిలో ఉన్న చొక్కాకి జేబు మీద కాజా పడింది."

"జేబు మీదా?"

"నవ్వకు."

"నవ్వట్లేదు."

"పోయిన వారం ఐదన్నారు. నువ్వే అన్నావు. ఈ గదిలోనే. నేను ఇటు నుంచి ఇటే వెళ్ళి దానికి బూట్లు కొన్నాను. ఒక సైజు పెద్దవి. మందు పడి, లేచి నడిచేనాటికి కాలు పెరుగుతుంది కదా అని."

"తెలుసు. పిచ్చుక నాకు చూపించింది."

"మరి ఆ ఐదో పిల్ల ఏమైంది? పోయిందా?"

"ఛ ఛ. అలాంటిది కాదు."

"ఊరొదిలి వెళ్ళిపోయారా?"

"లేదు."

"మరేమైంది, ఆవిరైపోయిందా? నీ దుబాసీ మింగేసిందా?"

"అది ప్రోగ్రాం అక్కా. మింగదు."

"నువ్వే కదరా దుబాసీ దుబాసీ అని పేరు పెట్టి మురిసిపోయావు! ఏడు ఆసుపత్రులక్కా, ఏడు డేటాబేసులక్కా, ఎవరి బీరువా వాళ్ళదే, ఎవరూ తాళం చెవి ఇవ్వరు, మా దుబాసీ మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ వాళ్ళ భాషలో అడిగి జవాబు తెస్తుంది అని. అన్నావా లేదా? అన్నం తింటూ చెప్పావు. కూర చల్లారిపోయింది, నీ మాట ఆగలేదు."

"అన్నాను."

"మరి ఇప్పుడు నోరు పెగలదేం?"

"అక్కా, ఒకచోట వయసు నెలల్లో రాస్తారు. ఒకచోట ఏళ్ళల్లో. ఒకచోట ఆడపిల్లకి ఒకటి వేస్తారు, ఇంకోచోట రెండు వేస్తారు. అవన్నీ సర్ది అడగడం దాని పని. పేరు అడగదు. ఇల్లు అడగదు. ఇలాంటి జబ్బున్న పిల్లలు మీ దగ్గర ఎంతమంది అని అడుగుతుంది, అంతే. వాళ్ళు చెప్పింది కూడుతుంది."

"కూడటం తెలుసు. తీసెయ్యడం ఎప్పుడు నేర్చుకుంది?"

"తీసెయ్యలేదు. కలిపింది."

"అంటే?"

"రెండు ఒకటయ్యాయి. ఒకే పిల్ల రెండు ఆసుపత్రుల్లో రాసి ఉంది. ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి. మనుషులు తిరుగుతారు కదక్కా, ఇక్కడ నయం కాకపోతే అక్కడికి. అప్పుడు ఒకరు ఇద్దరుగా కనిపిస్తారు."

"ఎవరు కనిపెట్టారు ఒకే పిల్ల అని?"

"దుబాసీ చూపించింది."

"అది చూపించింది. కలిపింది ఎవరు?"

"సిస్టం లోనే..."

"ఒరేయ్. నా వైపు చూసి చెప్పు. నువ్వు చిన్నప్పుడు పలక పగలగొట్టి కూడా ఇలాగే గోడ వైపు చూసి మాట్లాడేవాడివి. కలిపింది ఎవరు?"

"అనుమానం వస్తే అది ఆగిపోతుంది. వీళ్ళు ఒకరా, ఇద్దరా అని అడుగుతుంది. మనిషి చెప్పాలి. ఒకరు అంటే కలుపుతుంది. ఇద్దరు అంటే వదిలేస్తుంది."

"ఏ మనిషి?"

"ఇక్కడ కూర్చున్న మనిషి."

"ఏ మనిషిరా?"

"నేనే."

"నువ్వా?"

"నేనే అక్కా."

"నువ్వే ఒక బిడ్డని కొట్టేసి, నాకు నీళ్ళు తాగమని చెప్తున్నావా?"

"నేను బిడ్డని కొట్టెయ్యలేదు. జాబితాలో రెండు వరసలు కలిపాను."

"వరసలు! నీ వరసలు తగలెయ్య! నువ్వు పిచ్చుకకి మేనమామవిరా. నీ ఒళ్ళోనే కదా దానికి మొదటి పన్ను ఊడింది. నీ చొక్కా జేబులో వేసుకుని తిరిగావు, పారెయ్యబుద్ధి కాలేదని. అలాంటివాడివి..."

"అరవకు. పక్క గదిలో వాళ్ళున్నారు."

"విననీ. వింటే సిగ్గు నాకా? ఎంతసేపటి పని ఇది, మళ్ళీ ఐదు చెయ్యడం?"

"చెయ్యను."

"ఎంతసేపు పడుతుంది అని అడిగాను."

"ఒక్క మీట. అయినా చెయ్యను."

"ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోపు లెక్క మందుకి అనుమతిచ్చే కమిటీకి వెళ్ళిపోతుందట. నాలుగని వెళ్తే మందు వాళ్ళు ఇంకెక్కడికో పోతారట. మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదట. అది తెలుసా నీకు?"

"నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ లెక్క పంపేది నేను."

"మరి తెలిసి కూర్చున్నావా! పిచ్చుక సంగతి నీకు తెలీదా? పోయిన వానల్లో మెట్లెక్కింది. చలికాలానికి గోడ పట్టుకుంది. ఇప్పుడు గ్లాసు ఎత్తలేదు. నిన్న అడిగింది, అమ్మా, మింగడం కూడా మర్చిపోతానా అని. ఏం చెప్పమంటావు? మీ మామయ్య మీట నొక్కడమ్మా అని చెప్పనా?"

"అక్కా, విను. అబద్ధం పిల్ల ఒకటి లెక్కలో ఉందనుకో. మందు మొదలయ్యాక ఐదుగురినీ పిలుస్తారు. నలుగురే వస్తారు. ఐదో పిల్ల ఏదంటారు. అప్పుడు మొత్తం ఆపేస్తారు. సగంలో ఆపితే ఆ మందు అసలు వెయ్యకపోవడం కన్నా చెడ్డదట, డాక్టరమ్మే చెప్పింది. పిచ్చుకకీ ఆగిపోతుంది, మిగతా ముగ్గురికీ ఆగిపోతుంది."

"అది అప్పటి మాట. అప్పటికి ఇంకెవరైనా దొరకొచ్చు."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే అప్పటిదాకా అయినా నాకు ఒక ఆశ ఉంటుంది కదరా! నువ్వు దాన్ని ఇవాళే కోసేస్తున్నావు."

"అరవకు అక్కా."

"సరే. అరవను. నెమ్మదిగా అడుగుతాను. ఆ రెండూ ఒకే పిల్ల అని నీకెలా తెలుసు? పేరు కనపడదన్నావు. మొహం కనపడదన్నావు."

"ఇద్దరిదీ ఒకే వయసు. ఇద్దరూ ఆడపిల్లలే. రక్తపరీక్షలో అదే లోపం, ఒక్క అక్షరం తేడా లేదు."

"అంతేనా?"

"రెండో వరస ఈ మధ్యే పుట్టుకొచ్చింది."

"అంతేనా? ఒరేయ్, మా షాపులో ఒకే సైజు చొక్కాలు వంద తయారవుతాయి. ఒకే గుడ్డ, ఒకే దారం, ఒకే కాలరు. అవన్నీ ఒక చొక్కానా? ఒకే జబ్బున్న పిల్లల రక్తం ఒకేలా ఉండక ఇంకెలా ఉంటుంది? నాకే తెలుస్తోంది, నీకు తెలీదా?"

"అదొక్కటే అయితే ఇద్దరు అని వదిలేసేవాణ్ణి. వేరే కారణం ఉంది."

"ఏం కారణం?"

"వదిలెయ్ అక్కా."

"వదలను. ఏం కారణం?"

"అడగొద్దు. నీ మంచికే అడగొద్దంటున్నాను."

"నా మంచి ఎప్పుడో మట్టి కొట్టుకుపోయింది. చెప్పు."

"పిచ్చుక చెప్పింది."

"ఏమని?"

"బస్సులో నువ్వు దానికి కొత్త పేరు నేర్పావట. పది సార్లు పలికించావట. ఎవరడిగినా ఈ పేరే చెప్పాలి అన్నావట. తర్వాత పడవలు కనపడే పెద్ద ఆసుపత్రికి వెళ్ళారట."

"ఏ ఆసుపత్రి?"

"రేవు దగ్గర ఆసుపత్రి. మన ఏడింట్లో అదొకటి."

"పిల్లలు ఏదేదో వాగుతారు."

"అక్కా."

"కలగనుంటుంది. దానికి పడవలంటే పిచ్చి."

"అక్కా, ఎదురింటి వాళ్ళ పాప ఆరోగ్య కార్డు నీ సంచిలో చూశాను. మందుల కోసం తీస్తుంటే కింద పడింది."

"నా సంచి వెతికావా?"

"వెతకలేదు. పడింది."

"ఎప్పుడు చూశావు?"

"ఆ వారమే. ఆ వారంలోనే రేవు ఆసుపత్రిలో ఒక కొత్త వరస. పిచ్చుక వయసే, పిచ్చుక లోపమే. నేనేమనుకోవాలి? ఎందుకు చేశావక్కా ఆ పని?"

"నువ్వే కదా! ఫోన్‌లో ఎవరితోనో అన్నావు, మా ఇంటి వసారాలో నిలబడి. నలుగురున్నారు, ఒక్కరు తక్కువ, ఒక్కరు దొరికితే చాలు అని. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఒక్కరు దొరికితే చాలు. ఆ మాట నా చెవిలో వారం రోజులు మోగింది. మిషన్ తొక్కుతుంటే మోగింది. దానికి జావ తాగిస్తుంటే మోగింది. ఒక్కరు. ఒక్కరే కదా. ఆ ఒక్కర్ని నేనే తెస్తే ఏం పోయిందనుకున్నాను. పేరు అడగదు, ఇల్లు అడగదు అని నువ్వే చెప్పావు."

"నేను చెప్పింది దానికా?"

"దేనికి చెప్పినా నాకు అదే వినపడింది."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"అంటే ఒప్పుకుంటావా నువ్వు? పరీక్షలో పక్కవాడు చూపిస్తానన్నా చూడకుండా ఫెయిలై వచ్చినవాడివి."

"నేను నిన్ను కాపాడాలనే చూశానక్కా! ఆ వరస నీ పని అని తెలిస్తే పిచ్చుకని కూడా తీసేస్తారు. తల్లి మోసం చేసింది, ఈ కుటుంబం వద్దంటారు. అందుకే ఎవరికీ చెప్పకుండా, ఎవరి పిల్లో రాయకుండా, ఒకరే అని నొక్కి ఊరుకున్నాను. నాలుగు రాత్రుల నుంచి నిద్ర లేదు నాకు."

"నాకు నాలుగు నెలల నుంచి లేదు."

"తెలుసు."

"తెలిస్తే నొక్కరా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అక్కా, లే. ఏం పని ఇది? లే ముందు."

"నిన్ను ఎత్తుకుని పెంచాను. ఎప్పుడైనా ఏమైనా అడిగానా? బదులుగా ఇది కావాలన్నానా? ఇప్పుడు అడుగుతున్నాను. దొంగ లెక్కే. దొంగతనమే. చెయ్యి. జైలుకి నేను వెళ్తాను."

"లే అక్కా. కుర్చీలో కూర్చో. ఇదిగో నీళ్ళు. తాగు. తాగు ముందు."

"తాగాను. చాలు."

"ఇంకో గుక్క తాగు. ఇప్పుడు నేను అడిగింది చెప్పు. సాయంత్రంలోగా ఆ వరస అక్కడ రేవు ఆసుపత్రిలోనే చెరిపించాలి. ఇక్కడ కలిపితే సరిపోదు. రేపెవరైనా తవ్వితే నీ మీదికొస్తుంది. అక్కడి డేటాబేసు చూసేది ఒక బాబాయ్, మంచాయన. ఏదో పొరపాటని చెప్పి తీయిస్తాను. ఏ రోజు వెళ్ళావు?"

"వారం మధ్యలో. సెలవు పెట్టిన రోజు."

"ఎదురింటి పాప కార్డు ఇచ్చావు. కిటికీ దగ్గరా, లోపలా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకురా?"

"చెప్పక్కా. రక్తం ఎవరు తీశారు? నర్సా, ల్యాబువాళ్ళా?"

"రక్తమా?"

"రక్తం తీస్తేనే కదా ఆ లోపం తెలిసేది."

"సూది దాకా ఎక్కడ వెళ్ళామురా."

"అంటే?"

"నవ్వుతావు."

"నవ్వను. చెప్పు."

"వరసలో నిలబడ్డాం. దాన్ని చంకనెత్తుకున్నాను. మా వంతొచ్చింది. కిటికీలో ఆయన, పాప పేరేంటమ్మా అన్నాడు. ఎన్నిసార్లు అనుకున్నానో ఆ పేరు, ఒక్కసారి బయటికి రాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడిది గట్టిగా దాని సొంత పేరు చెప్పేసింది. చెప్పి, నా వైపు తిరిగి, అమ్మా, కొత్త పేరు మర్చిపోయాను, కోప్పడతావా అంది. అందరూ విన్నారు."

"తర్వాత?"

"తర్వాతేముంది? దాన్నెత్తుకుని పరుగు. వెనక ఎవరో పిలిచారు కూడా. రేవు గట్టు దాకా ఆగలేదు. అక్కడ కూర్చుని బస్సొచ్చేదాకా పడవలు చూశాం. అది ఎంత సంబరపడిందో. నేను ఏడ్చాను. అబద్ధమాడబోయినందుకు కాదురా. అది కూడా చేతకాని తల్లి దొరికింది దీనికి అని ఏడ్చాను."

"ఆగు. ఆగక్కా. కార్డు?"

"సంచిలోంచి తియ్యనే లేదు. నువ్వు చూసింది అదే."

"కాగితం ఏమీ రాయలేదా? వేలిముద్ర? సంతకం?"

"ఏమీ లేదు."

"తర్వాత ఇంకోసారి వెళ్ళావా? నిజం చెప్పు."

"ఆ కిటికీ వైపు మళ్ళీ చూడలేను నేను."

"పిచ్చుక మీద ఒట్టు?"

"దాని మీద ఒట్టు పెట్టించకు. లేదన్నాను కదా, లేదు. మరి ఇంతసేపూ ఒప్పుకున్నావేం అంటావా? వెళ్ళింది నిజం కదా. మనసులో చేసేశాను కదా. నువ్వు అడుగుతుంటే చేసినట్టే అనిపించింది. ఏమైందిరా? ఎందుకలా చూస్తున్నావు?"

"అక్కా, రేవు ఆసుపత్రిలో వరస ఉంది."

"ఉంటే?"

"రక్తం ఉంది. లోపం ఉంది. వయసు ఉంది. నువ్వు ఇవ్వలేదు. పిచ్చుకది కాదు. అయితే ఆ పిల్ల ఎవరు?"

"ఒరేయ్..."

"ఉండు. మాట్లాడకు. ఫోన్ చేస్తున్నాను. హలో, బాబాయ్? నేను, దుబాసీ గది నుంచి."

"చెప్పరా అబ్బాయ్. అరిచి చెప్పు, ఇక్కడ గోలగా ఉంది."

"బాబాయ్, పేరు చెప్పకు, నేను అడగను. మీ దగ్గర ఆ కండరాల జబ్బు పాప వరస ఒకటి, ఈ మధ్య వచ్చింది. నేను ఇక్కడి పాపతో కలిపేశాను. ఆ వరస పొరపాటున పడింది కాదు కదా? ఆ పిల్ల నిజంగా ఉందా?"

"ఉందా ఏమిట్రా! చక్రాల కుర్చీలో నా ఎదురుగానే ఉంది. నా పెన్ను లాక్కుని బల్ల మీద గీతలు గీస్తోంది."

"ఇప్పుడా? ఇప్పుడు మీ దగ్గరుందా?"

"పొద్దున్నుంచీ ఇక్కడే. తల్లి కదిలితేనా!"

"అక్కా, పిచ్చుక ఎక్కడ?"

"కింద! వాచ్‌మన్ దగ్గర! ఇదిగో కిటికీలోంచి చూడు, అదిగో, బూట్లు కనపడుతున్నాయి చూడు, ఎర్రవి!"

"కనపడుతున్నాయి. ఇద్దరు. అక్కా, ఇద్దరు."

"నొక్కరా మరి! చూస్తావేం!"

"నొక్కుతున్నా. విడిపోయాయి. కారణం రాయమంటోంది."

"ఏం రాస్తావు?"

"తెలిసిన మనిషి కదా అని అనుమానించాను, అని."

"అంత పొడుగు ఎందుకు? తప్పు నాది అని రాయి, చాలు."

"రాశాను. ఐదు."

"మళ్ళీ చెప్పు."

"ఐదక్కా. కమిటీకి వెళ్తోంది. వెళ్ళింది."

"ఒరేయ్ అబ్బాయ్, ఉన్నావా లైన్‌లో? ఈ తల్లి నా ప్రాణం తీస్తోంది. నాలుగే అన్నారట ఈవిడకి కూడా. ఎవరో నా బిడ్డని లెక్కలోంచి కొట్టేశారు, వాళ్ళ పేరు చెప్తే కాళ్ళ మీద పడతాను అని పొద్దున్నుంచీ నా కిటికీ పట్టుకుని వదలట్లేదు. ఏం చెప్పమంటావు?"

"నేనే అని చెప్పు బాబాయ్. నేనే ఆ..."

"ఇలా ఇవ్వు ఫోను."

"అక్కా, వద్దు."

"ఇవ్వమన్నానా! అయ్యా, ఆవిడకి ఇవ్వండి ఒకసారి."

"హలో? ఎవరండీ? డాక్టరమ్మగారా?"

"అమ్మా, ఐదైంది. నీ పాప ఉంది లెక్కలో. ఏడవకు."

"ఉందా? నిజంగానా? మీరెవరమ్మా? మీ కాళ్ళకి మొక్కుతాను, మీరెవరు?"

"మొక్కకమ్మా. నీ బిడ్డని కొట్టేయించింది నేనే."